దమ్ము ఆడని మనిషి, ముప్పై కిలోమీటర్ల దారి

మన ఐటీ జనాలకి ఊరి మీద ప్రేమ పొంగినప్పుడు మొదట వచ్చే ప్రశ్న "ఏం కొనిద్దాం?" అని. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా సెకండ్ వేవ్ పల్లెల మీద పడ్డప్పుడు చూశాం కదా. కాలేజీ గ్రూపులు, ఆఫీసు గ్రూపులు, అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంఘాలు, అందరూ చందాలు వేసుకుని ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొన్నారు. మంచి పనే, వెక్కిరించడానికి చెప్పట్లేదు. కాకపోతే పెట్టె ఊరు చేరాక దాన్ని ఎవరు నడుపుతారు, ఏ రోగికి ఎంత పెట్టాలో ఎవరు చూస్తారు, ఫిల్టరు ఎవరు మారుస్తారు అని అడిగితే మాత్రం చాలా గ్రూపుల్లో చడీచప్పుడు ఉండేది కాదు.

ఆ ప్రశ్న పట్టుకుని నేను కొంత చరిత్ర చదివాను. ఉన్నట్టుండి ఊపిరి ఆడని మనిషిని బతికించే విద్య ఎలా పుట్టింది, ఎవరు నేర్పారు, అది మన హైదరాబాదు మీదుగా కామారెడ్డి, ఎల్లారెడ్డి దాకా ఎలా వచ్చింది (వచ్చినంత మేరకు) అన్నది. చదివాక నాకు ఒక్క విషయం గట్టిగా అనిపించింది. ఈ కథలో పెద్ద మలుపులు చాలావాటిలో రోగి దగ్గరికి ముందు చేరింది నేర్చుకున్న మనిషి చెయ్యి. యంత్రం ఆ తర్వాత వచ్చింది. మనం ఖర్చు పెట్టేటప్పుడు మాత్రం వరస తిరగేస్తున్నాం. టపా కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

ముందు దారి సంగతి. కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ 2016 అక్టోబరు 11 దాకా నిజామాబాదు జిల్లావే. ఆ రోజు నుంచి కామారెడ్డి సొంతంగా జిల్లా అయ్యింది. కామారెడ్డికి రైలుంది, నిజాం కాలంలో 1900 ప్రాంతంలో వేసిన గోదావరి లోయ లైను అది. పక్కనే నాగపూరు హైవే, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి. ఎల్లారెడ్డికి రైలు లేదు. అక్కణ్ణుంచి కామారెడ్డి రావాలంటే లింగంపేట మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైనే. కామారెడ్డి నుంచి హైదరాబాదు ఇంకో నూటపది చిల్లర. మ్యాపులో చూస్తే ఇవి పెద్ద దూరాలేం కాదు. కానీ దమ్ము ఆడని మనిషికి దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం. మెదడుకి ఆక్సిజన్ పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బ మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఇక్కడ టైమౌట్ నాలుగు నిమిషాలు, నెట్‌వర్క్ లేటెన్సీ నలభై నిమిషాలు. మధ్యలో ఎవరో ఒకరు కనెక్షన్ తెగకుండా పట్టుకోవాలి.

సరే, చరిత్రలోకి వద్దాం. మొదలు మన హైదరాబాదే.

మత్తుమందుగా క్లోరోఫామ్ వచ్చిన కొత్తల్లో (1847) ఆపరేషన్ బల్ల మీద ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా ఉన్నట్టుండి చనిపోయేవాళ్ళు. ముందు గుండె ఆగుతోందా, ఊపిరి ఆగుతోందా అని లండన్ వాళ్ళకీ ఎడింబరో వాళ్ళకీ పెద్ద తగాదా. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరో పక్షం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బులిస్తే, 1888లో హైదరాబాదులో క్లోరోఫామ్ కమిషన్ అని పెట్టి కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ముందు ఆగేది ఊపిరే అని తేల్చారు. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాం వెయ్యి పౌన్లు ఇస్తాను, మీ మనిషినే పంపండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు వచ్చి, వందల జంతువుల మీద మళ్ళీ ప్రయోగాలు చేసి అదే మాట చెప్పాడు. ఒక విదేశీ పత్రికలో వచ్చిన అనుమానం తీర్చుకోవడానికి మన దక్కన్ సంస్థానం డబ్బులు పెట్టి ప్రయోగాన్ని రిపీట్ చేయించింది! ఇప్పటికీ ఇలాంటిది అరుదే.

ఆ కమిషన్ చెప్పిందంతా నిజం కాదని తర్వాత తెలిసింది. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె లయ చెదిరి చటుక్కున ఆగిపోగలదని గుడ్‌మన్ లెవీ 1911లో చూపించాడు. కానీ లారీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో తన శిష్యులకి నూరిపోసిన అలవాటు మాత్రం వృథా కాలేదు: రోగి ఊపిరి మీంచి చూపు తిప్పకు. ఆ శిష్యుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకావిడ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెని ఒకరిగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఆమె చేతిలో మానిటర్ లేదు, ఆక్సీమీటర్ లేదు. కన్ను, చెవి, రోగి ఛాతీ మీద చెయ్యి. అంతే.

ఈ అలవాటు ఇవాళ్టికీ ఎంత పనికొస్తుందంటే, పెద్దవాళ్ళు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. అది పాతిక దాటిందంటే ఏదో తేడా ఉన్నట్టు, ముప్పై దాటితే పరుగెత్తాల్సిందే. లెక్కపెట్టడానికి చేతి గడియారం చాలు. అయినా బీపీ, షుగరు చూసినంత శ్రద్ధగా ఊపిరి లెక్కపెట్టేవాళ్ళు తక్కువ. మన ఇళ్ళల్లో అయితే అసలే లేరు. "దమ్ము లేస్తున్నది బిడ్డా, జరసేపైతే తగ్గుతది" అని మంచంలోనే కూచుంటారు పెద్దవాళ్ళు.

అఫ్జల్‌గంజ్‌లో ఇంత జరుగుతుంటే ఎల్లారెడ్డి వైపు ఏముంది? నిజాం ఆ ప్రాంతానికి 1923లో మొదలుపెట్టి 1931కల్లా నిజాంసాగర్ కట్టించాడు, నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, చెరుకు వచ్చింది. ఊపిరి విద్య మాత్రం రాజధానిలోనే ఉండిపోయింది.

రెండో మలుపు కోసం డెన్మార్క్ పోవాలి. ఎందుకు అంత దూరం అంటే, ఇవాళ కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో అంబులెన్సు ఎక్కితే కనపడే రబ్బరు సంచీ అక్కడే పుట్టింది కాబట్టి.

1952 ఎండాకాలం చివర కోపెన్‌హేగెన్‌లో పోలియో విరుచుకుపడింది. అక్కడి బ్లెగ్డామ్ ఆసుపత్రికి ఊపిరి కండరాలు చచ్చుబడ్డవాళ్ళు వరసగా వచ్చి పడుతున్నారు. అప్పటికి ఉన్న యంత్రం ఐరన్ లంగ్. అంటే మనిషిని మెడ దాకా ఒక ఇనప డబ్బాలో పెట్టి, డబ్బాలో గాలి పీడనం మార్చుతూ ఛాతీని ఆడించడం. 1928లో అమెరికాలో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా తయారుచేశారు. బ్లెగ్డామ్‌లో అది ఒక్కటే ఉంది, ఛాతీకి మాత్రమే తొడిగే చిన్నరకం ఇంకో ఆరు. మొదట్లో ఊపిరి దెబ్బతిన్న 31 మందిలో 27 మంది మూడు రోజుల్లోపే పోయారు. అంటే నూటికి 87.

అప్పుడు బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ని పిలిచారు. మత్తు డాక్టర్లు అప్పటికి ఆపరేషన్ థియేటర్ గడప దాటి బయటికి వచ్చేవాళ్ళు కాదు. ఆగస్టు 27న ఆయన పన్నెండేళ్ళ పిల్లకి గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీ నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి నేరుగా గాలి కొట్టాడు. ఆపరేషన్ బల్ల మీద రోజూ చేసే పనే, వార్డులోకి తెచ్చాడు. ఆ పిల్ల బతికింది. మరి వార్డు నిండా ఉన్న మిగతావాళ్ళ మాటేమిటి? సంచీ నొక్కడానికి అన్ని యంత్రాల్లేవు. వైద్య విద్యార్థుల్ని పిలిచారు. రోజుకి 250 మంది చొప్పున షిఫ్టుల్లో, మొత్తం దాదాపు 1500 మంది, రోగి తల దగ్గర కూర్చుని నెలల తరబడి చేత్తో ఊపిరి కొట్టారు. ఒక దశలో ఒకేసారి 70 మంది ఇలా చేతుల మీదే బతికారు. చావులు నూటికి 87 నుంచి తగ్గుతూ తగ్గుతూ పాతిక దగ్గరికి వచ్చాయి. ఇవాళ మనం ఐసీయూ అనేది అక్కడ పుట్టింది. ఆ పని చేత్తో నెలలపాటు చేశాకే, దాన్ని యంత్రానికి అప్పజెప్పే వెంటిలేటర్లు పెద్ద ఎత్తున వచ్చాయి. ముందు మాన్యువల్‌గా ప్రాసెస్ సరిచేసుకుని తర్వాత ఆటోమేట్ చెయ్యడం అంటే ఇదే కదా.

ఆ సంచీకి ఒక లోపం ఉండేది. దాన్ని ఉబ్బించడానికి సిలిండర్ నుంచి గాలి వస్తూ ఉండాలి. అదే డెన్మార్క్‌లో హెన్నింగ్ రూబెన్ అనే మత్తు డాక్టరు, హోల్గర్ హెస్సె అనే ఇంజనీరు కలిసి, వదిలెయ్యగానే తనంతట తానే ఉబ్బే సంచీ చేశారు. 1956లో అమ్మకానికి వచ్చింది. అదే అంబు బ్యాగు. కరెంటు అక్కర్లేదు, సిలిండర్ లేకపోయినా బయటి గాలితో పనిచేస్తుంది, సంచీలో పట్టేస్తుంది. ఒక పల్లెటూరి దవాఖానకి ఇంతకంటే సరిపోయే వస్తువు ఇంకోటి నాకు కనపడలేదు.

పోలియో ఇప్పుడు లేదుగా అంటారా? ఉండండి. కామారెడ్డి జిల్లా వ్యవసాయ జిల్లా. వరి, చెరుకు, మొక్కజొన్న చేలు. రాత్రి ఇంట్లో కింద పడుకున్నవాళ్ళని కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. అచ్చం పోలియో రోగిలాగే. విషానికి విరుగుడు ఇచ్చినా కండరాలు తేరుకోవడానికి టైము పడుతుంది, ఒక్కోసారి రోజులు. ఆ టైమంతా ఎవరో ఒకరు ఊపిరి కొడుతూ ఉంటే మనిషి లేచి నడిచి ఇంటికి పోతాడు. కొట్టకపోతే పోతాడు. పురుగుల మందు తాగినవాళ్ళ సంగతీ దాదాపు ఇదే. అట్రోపిన్ ఎంత ముఖ్యమో, ఊపిరి నిలబెట్టడం అంత ముఖ్యం. పైగా పొయ్యి పొగ, బీడీ పొగ వల్ల ఊపిరితిత్తులు పాడై చలికాలం రాగానే దమ్ము పట్టేవాళ్ళు, ఉబ్బసం ఉన్న పిల్లలు, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిన పెద్దవాళ్ళు. వీళ్ళలో చాలామందికి ఊరి నుంచి ఐసీయూ బెడ్డు దాకా ఉన్న దారే అసలు గండం.

ఆ దారి మీద మొట్టమొదట ఒక వ్యవస్థ కట్టింది మన ఐటీ రంగమే. అది మనం గర్వంగా చెప్పుకోవచ్చు, కాస్త ఇబ్బందిగా కూడా. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. పెట్టింది సత్యం రామలింగరాజు. అప్పటిదాకా మన ఊళ్ళల్లో అంబులెన్సు అంటే శవాన్ని తెచ్చే బండి, లేదా పెద్ద ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళది. 108లో కొత్త ఏమిటంటే మూడు ముక్కలు: ఫోను ఎత్తి సంగతి తెలుసుకోవడం, బండి చేరడం, బండిలోనే వైద్యం మొదలుపెట్టడం. కాల్ సెంటరు, మ్యాపులు, డిస్పాచ్ సాఫ్ట్‌వేర్, ఫోన్లో సలహా చెప్పే డాక్టరు. డ్రైవర్ని పైలట్ అన్నారు, వెనక రోగితో ఉండే మనిషికి ఈఎంటీ అని పేరు, శిక్షణ. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లతో కలిసి పారామెడిక్ శిక్షణ కూడా నడిపారు. కామారెడ్డి నుంచి హైదరాబాదు వస్తూ మేడ్చల్ దాటాక దేవరయాంజాల్ వైపు ఉంటుంది ఆ సంస్థ క్యాంపస్.

2009 జనవరి 7న రాజుగారి ఉత్తరం బయటికొచ్చింది. సత్యం లెక్కలన్నీ బూటకమని తేలింది. ఆ వారం మన ఆఫీసుల్లో ఎలా ఉండిందో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 108 కూడా ఆగిపోతుందనే అందరూ అనుకున్నారు. ఆగలేదు. నడిపే ఖర్చులో చాలా భాగం అప్పటికే ప్రభుత్వం ఇస్తోంది, ఆ ఏడాదే జీవీకే వాళ్ళు సంస్థ బాధ్యత తీసుకున్నారు. స్థాపకుడు జైలుకి పోయినా బండ్లు తిరిగాయి. కారణం నాకు తెలిసి ఒకటే. అప్పటికి ఆ వ్యవస్థ ఒక మనిషి బొమ్మ మీద నడవట్లేదు, వేలమంది నేర్చుకున్న పని మీద నడుస్తోంది.

మరి ఆ బండెక్కిన దమ్ము రోగులు ఏమయ్యారు? దీనికి లెక్క ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊపిరాడక 108కి ఫోను చేసిన 650 మంది రోగుల్ని స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ ఈఎంఆర్ఐ వాళ్ళూ కలిసి వెంబడించి చూశారు, 2015లో అచ్చయ్యింది. మూడింట రెండొంతులు పల్లెల వాళ్ళే. నూటికి 12 మంది ఆసుపత్రి చేరకముందే పోయారు. రెండు మూడు రోజుల్లో 27కి చేరింది. నెల తిరిగేసరికి 35. అంటే ఊపిరాడట్లేదని ఫోను చేసిన ప్రతి ముగ్గురిలో ఒకరు నెలలో లేరు. ఇంకో అంకె చూడండి. నూటికి 76 మందికి ఆక్సిజన్ పెట్టారు. నెబులైజర్ మందు అందింది 13 మందికే. ఊపిరాడని ప్రతివాడికీ నెబులైజర్ అవసరం లేదు, నిజమే. అయినా ఆ తేడా గమనించాల్సిందే. ఆక్సిజన్ అనేది తెరిచి పెట్టెయ్యొచ్చు. ఉబ్బసమా, గుండెనా, న్యుమోనియానా అని విడదీసి మందు ఇవ్వాలంటే మనిషికి తెలిసి ఉండాలి.

కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఇదే ప్రశ్న మీద పెద్ద పరిశోధన జరిగింది. 2007లో అచ్చయ్యింది, 8,138 మంది ఊపిరాడని రోగులు. అంబులెన్సు సిబ్బందికి పై స్థాయి శిక్షణ ఇవ్వకముందు చావులు నూటికి 14.3, ఇచ్చాక 12.4. వాళ్ళ లెక్కనీ మన లెక్కనీ నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. రోగులు వేరు, కొలిచిన పద్ధతి వేరు. కానీ తగ్గుదల ఎందుకొచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది. గొంతులో గొట్టం వెయ్యడం లాంటి హీరో పనులు జరిగింది నూటికి 1.4 మందికే. బాగా పెరిగింది మామూలు మందులు: పీల్చే సాల్బుటమాల్, గుండె వల్ల ఆయాసం వచ్చినవాళ్ళకి నాలిక కింద నైట్రోగ్లిజరిన్. సరైన మనిషికి, సరైన మందు, దారిలోనే.

ఆక్సిజన్ కూడా "ఎంత ఎక్కువైతే అంత మంచిది" రకం వస్తువు కాదు. ఆస్ట్రేలియా టాస్మేనియాలో 405 మంది మీద చేసి 2010లో అచ్చువేశారు. దీర్ఘకాలంగా ఊపిరితిత్తులు పాడై దమ్ము పట్టినవాళ్ళకని అంబులెన్సులో ఎక్కువ ఆక్సిజన్ పెట్టినప్పుడు నూటికి 9 మంది పోయారు. రీడింగ్ 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి పెట్టినప్పుడు 4. అదే సిలిండర్, అదే గొట్టం. తేడా అంతా దాన్ని తిప్పే చేతిలో ఉంది.

ఆ రీడింగ్ అనగానే ఒకాయన్ని తలుచుకోవాలి. వేలికి తగిలించుకునే పల్స్ ఆక్సీమీటర్ వెనకున్న సూత్రం 1974లో జపాన్‌లో తకువో అవోయాగి కనిపెట్టాడు. డాక్టరు కాదు, ఇంజనీరు. ఇంకేదో కొలుద్దామని చూస్తుంటే నాడి కొట్టుకోవడం వల్ల సిగ్నల్‌లో నాయిస్ వస్తోంది. ఆ నాయిస్‌ని తీసేసే ప్రయత్నంలోనే అసలు సమాచారం అందులోనే ఉందని పట్టేశాడు. డీబగ్ చేసే ప్రతివాడూ పటం కట్టించుకోవాల్సిన కథ. ఆయన 2020 ఏప్రిల్ 18న పోయాడు, సరిగ్గా ప్రపంచమంతా ఆ బుల్లి యంత్రం కోసం మందుల షాపుల ముందు నిలబడ్డ నెలలో.

2021 మనకి రెండు పాఠాలు చెప్పింది. ఏప్రిల్ 23న బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లని వాయుసేన విమానాల్లో ఒడిశాకి పంపారు, నింపుకుని రోడ్డు మీద రావడానికి. సరఫరా గొలుసు ఎంత పొడుగో అప్పుడు అందరికీ తెలిసింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది పోయారు. అది పల్లెటూరి దవాఖాన కాదు, పెద్దాసుపత్రి. బెడ్లున్నాయి, వెంటిలేటర్లున్నాయి, గొట్టంలోకి రావాల్సింది రాలేదు. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఏమిటో మనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కొంత మారింది, కాదనను. 2023 సెప్టెంబరు 15న ప్రారంభించిన తొమ్మిది మెడికల్ కాలేజీల్లో కామారెడ్డిది ఒకటి. దాంతో జిల్లా కేంద్రంలో సర్కారు దవాఖాన స్థాయి పెరిగింది. అంటే హైదరాబాదు దాకా పోవాల్సిన నూటపది కిలోమీటర్లలో కొన్ని కేసులకైనా మినహాయింపు వచ్చినట్టే. మిగిలింది ఆ మొదటి ముప్పై. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో పడ్డ కుండపోతకి పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగాయి, హైవే మీద బండ్లు నిలిచాయి, ఎన్నో ఊళ్ళకి దారి తెగింది. అలాంటి రోజున ఎల్లారెడ్డి పక్క పల్లెలో ఉబ్బసం పిల్లకి దమ్ము లేస్తే జిల్లా కేంద్రంలో ఎన్ని వెంటిలేటర్లుంటే ఏం లాభం? ఆ రోజుకి ఆ పిల్ల ప్రాణం ఊరి ఆశా కార్యకర్తకి, దగ్గర్లోని సర్కారు దవాఖాన నర్సుకి ఎంత తెలుసో అంతే.

కాబట్టి "ఏం కొనిద్దాం?" అనే మన ప్రశ్నకి నా జవాబు ఇదీ.

ఒకటి. కొంటే చిన్నవి కొనండి, వాటితో పాటు నేర్పించే ఖర్చు పెట్టండి. అంబు బ్యాగులు (పెద్దలవీ పిల్లలవీ, సరైన సైజు మాస్కులతో), స్పేసర్లు, నెబులైజర్లు, ఆక్సీమీటర్లు. ఏడాదికి రెండుసార్లు బొమ్మల మీద ప్రాక్టీసు. నేర్చుకున్నది వాడకపోతే ఆర్నెల్లలో మరిచిపోతాం, మనకైనా అంతే. పెద్ద యంత్రమే కొంటే ఏఎంసీ లేకుండా కొనకండి. మన కంపెనీలో సపోర్టు కాంట్రాక్టు లేని సర్వర్ని ప్రొడక్షన్‌లో పెడతామా?

రెండు. ఇంట్లో దమ్ము మనిషి ఉంటే ఇవాళే ఒక కాగితం రాసి గోడకి అంటించండి. జబ్బు పేరు, వాడే మందులు, డాక్టరు రాసిన ఇన్‌హేలరు ఎన్నిసార్లు కొట్టాలి, మామూలు రోజున ఆక్సీమీటర్ రీడింగ్ ఎంత. దమ్ము లేచినప్పుడు పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. చుట్టూ జనం మూగనివ్వకండి. ఆయాసంతో ఉన్నప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకండి. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. వాక్యం పూర్తిచెయ్యలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఇంకేం ఆలోచించకుండా 108 కొట్టండి. హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఫోను ఆ తర్వాత. చాలా ఇళ్ళల్లో ముందు కొడుక్కే చేస్తారు, ఇక్కడ మనం చెయ్యగలిగేది ఏమీ ఉండదు, అక్కడ పది నిమిషాలు పోతాయి. ఈ ఒక్క మాట ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు చెప్పండి చాలు.

మూడు. లెక్క అడగండి. సమాచార హక్కు చట్టం కూడా 108 పుట్టిన 2005లోనే అమల్లోకి వచ్చింది. మీ మండలంలో ఫోను చేసినప్పటి నుంచి బండి చేరేదాకా ఎంతసేపు పట్టింది? దయచేసి సగటు చూసి తృప్తిపడకండి, తొంభయ్యో పర్సెంటైల్ అడగండి. పట్నం కాల్స్ కలిపేస్తే సగటు ఎప్పుడూ అందంగానే ఉంటుంది, లింగంపేట తండాలో ఉన్నవాడు ఆ చివరి పది శాతంలో ఉంటాడు. బండిలో నెబులైజర్ మందు ఎన్ని రోజులు నిండుకుంది? ఈఎంటీ లేకుండా బండి తిరిగిన షిఫ్టులెన్ని? దవాఖానలో రాత్రిపూట అంబు బ్యాగు పట్టుకోవడం వచ్చిన మనిషి డ్యూటీలో ఉంటున్నారా? రోజూ ఆఫీసులో డాష్‌బోర్డుల మీద ఇంతకంటే పనికిమాలిన ప్రశ్నలు వంద అడుగుతాం మనం.

నేను ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట మండలాలకి దరఖాస్తు రాస్తున్నాను. పది రూపాయల ఫీజు, ఒక తెల్లకాగితం. మీ మండలానికి మీరు రాయండి.